మూడోసారి ఖాళీ అయిన ట్యాంకు

డెల్మర్ కూబిక్ ముప్ఫై నాలుగేళ్ళు పాల ట్యాంకరు నడిపాడు. నెబ్రాస్కాలో మా వైపు ఏ రైతు ఇంటి ముందు ఏ కుక్క కరుస్తుందో ఆయనకు తెలిసినంతగా షెరీఫుకు కూడా తెలియదు. అన్నేళ్ళలో ఒక్క చుక్క పాలు రోడ్డు మీద పడనివ్వలేదు. ఒక చలికాలం మంచు మీద ట్యాంకరు రెండు పల్టీలు కొట్టి మళ్ళీ చక్రాల మీదే నిలబడిందనీ, దిగి చూస్తే లోపల పాలన్నీ వెన్న అయ్యాయనీ నేను అందరికీ చెబుతుంటాను. డెల్మర్ అది ఒప్పుకోడు. పల్టీ ఒక్కటేనంటాడు.

మేమిద్దరం చిన్నప్పుడు ఒకే సిస్టర్ల బళ్ళో చదివాం. నేను చేసిన తప్పులే ఒప్పుకునేవాణ్ణి కాదు. డెల్మర్ గుడిలో ఫాదర్ ముందు తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్తే చేయని తప్పులు కూడా రెండు మూడు కలిపి చెప్పేవాడు, ఒకవేళ చేసి మరిచిపోయానేమోనని. మనిషి మొదటినుంచీ అంతే. ఒక పని జరిగితే చాలదు, ఎందుకు జరిగిందో కూడా తెలియాలి.

పని మానేసిన ఏడాది ఆయన పాత మోటార్‌హోమ్ ఒకటి కొన్నాడు. డెబ్భై నాలుగులో తయారైనది. ఇరవై ఆరడుగుల పొడవు, పక్కన నారింజ రంగు చార, లోపల మంచం, పొయ్యి, మరుగుదొడ్డి. ఆయన భార్య ఆర్డిత్ దాని కిటికీలకు కర్టెన్లు కుట్టింది. రెండు వేసవులు ఇద్దరూ ఊళ్ళు తిరిగారు. మూడో వేసవిలో, వయోమింగ్‌లో, కొంప మునిగింది.

ఈ బండ్లలో మరుగుదొడ్డి కింద ఒక ట్యాంకు ఉంటుంది. నిండినప్పుడు, నేలలో ఉన్న మురుగు కన్నంలోకి గొట్టం పెట్టి వదిలేయాలి. ఒకరు గొట్టం చివర పట్టుకుంటారు, ఇంకొకరు బండి దగ్గర వాల్వు లాగుతారు. పట్టుకున్నవాళ్ళు చెయ్యెత్తితే లాగవచ్చని గుర్తు. ఆ రోజు మేనకోడలి పెళ్ళికి పోతూ ఆర్డిత్ లేత నీలం గౌను వేసుకుంది. గొట్టం చేతిలో ఉంది, ఇంకా కన్నంలో పెట్టలేదు. అంతలో పక్కనుంచి ఎవరిదో మోటార్‌హోమ్ వెళ్ళింది. బండ్లవాళ్ళం ఎదురుపడితే చెయ్యి ఊపుకోవడం మా మర్యాద. ఊపకపోతే అవతలివాళ్ళు వంద మైళ్ళ దాకా బాధపడతారు. ఆర్డిత్ మర్యాదస్తురాలు, చెయ్యెత్తింది. డెల్మర్ లాగాడు.

ఆ గౌను వయోమింగ్‌లోనే ఉండిపోయింది. వెనక వరసలో ఆగిన పదకొండు బండ్లవాళ్ళూ వింటుండగా ఆర్డిత్ అన్నది: "ఆ గొట్టం వేలాడే బండి ఇంకోసారి ఎక్కానంటే నా పేరు ఆర్డితే కాదు!"

ఎనిమిదేళ్ళు ఎక్కలేదు.

రెండువేల తొమ్మిది ఏప్రిల్‌లో ఆరెగాన్ సముద్రతీరం నుంచి ఆమె అక్క రోజెల్లా ఫోను చేసింది. జూన్ పద్నాలుగుకు తనకు ఎనభై నిండుతాయనీ, చెల్లెలు రాకపోతే కేకు కోయననీ చెప్పింది. "డాక్టరు ఎనభై గురించే మాట్లాడుతున్నాడు, ఎనభై ఒకటి ఊసెత్తడం లేదు" అని కూడా అన్నది. ఆర్డిత్ విమానం ఎక్కదు. మూడు రోజుల బస్సుకు ఆమె మోకాళ్ళు ఒప్పుకోవు. మిగిలింది మోటార్‌హోమే. అది కొండలెక్కుతూ దిగుతూ పదహారు వందల మైళ్ళు పోవాలంటే ఆరు రోజులు పడుతుంది. అంటే జూన్ ఎనిమిది, సోమవారం నాడు కదలాలి.

"వస్తాను. కానీ గొట్టం ఉండకూడదు" అన్నది ఆర్డిత్.

"గొట్టం లేకపోతే ఎలా ఆర్డిత్?"

"ముప్ఫై నాలుగేళ్ళు నాతో కన్నా పంపులతోనే ఎక్కువ కాపురం చేశావు. నువ్వే చూసుకో."

డెల్మర్ చూసుకున్నాడు. ఆ బండి కొత్తగా ఉన్న రోజుల్లో దానికి గొట్టం అక్కర్లేని ఏర్పాటు ఒకటి ఉండేది. బండి నలభై మైళ్ళ వేగం దాటి, ఇంజను పొగ వెళ్ళే పైపు బాగా కాగాక, ఒక చిన్న పంపు ట్యాంకులోని సరుకును కొంచెం కొంచెంగా ఆ పైపులోకి చిమ్ముతుంది. అది అక్కడికక్కడే మాడి ఆవిరై సైలెన్సరు గుండా పోతుంది. అలా పోతున్నంతసేపూ స్టీరింగు పక్కన పచ్చ దీపం వెలుగుతుంది. మనం పాటలు పాడుకుంటూ పోవచ్చు. వెనక వచ్చేవాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు.

ఆ యంత్రం ముప్ఫై ఏళ్ళుగా తుప్పు పట్టి ఉంది. తయారుచేసినవాళ్ళు ఎప్పుడో మానేశారు. దాని పుస్తకం కూడా లేదు. బీరువా తలుపు లోపల అంటించిన కాగితం ఒకటి మిగిలింది, అందులోనూ కుడి సగం చిరిగిపోయింది. ఎడమ సగంలో ఎనిమిది వాక్యాలున్నాయి. ఎనిమిదీ "ఎట్టి పరిస్థితుల్లోనూ" అని మొదలవుతాయి. ఏం చేయకూడదో చిరిగిన సగంలో ఉండేదన్నమాట.

మేమంతా ప్లాట్ నది ఒడ్డున ట్రైలర్ ఇళ్ళ పార్కులో ఉంటాం. డెల్మర్ ఇంటి పక్క స్థలంలోనే ఆ బండి నిలిపి ఉంటుంది. పార్కు చూసుకునే ఆర్లో రోజూ కాఫీ కప్పుతో వచ్చి బండి పక్కన మడత కుర్చీ వేసుకునేవాడు. నేనూ ఒకటి వేసుకున్నాను. డెల్మర్ పాత పాల ట్యాంకరు పంపు ఒకటి తెచ్చి బిగించాడు. వైర్లకు తెల్ల టేపు చుట్టి వాటి మీద పేర్లు రాశాడు. ఒకదాని మీద "పంపుకు". ఇంకోదాని మీద "బహుశా పంపుకు". మూడోదాని మీద "పంపుకు కాదనుకుంటా". నాలుగోదాని మీద "ఆంబ్రోస్‌ని అడుగు". ఆంబ్రోస్ అంటే నేను. అడిగాడు. నేను బాగా ఆలోచించి ఎర్రదాని వైపు వేలు చూపించాను. ఎర్రవి మూడున్నాయి.

మే నెల మధ్యలో మొదటి పరీక్ష. ఎక్కడ కారినా కనబడాలని ట్యాంకులో నీళ్ళు పోసి నీలం రంగు కలిపాడు. ఆయన బండి నడుపుతుంటే నేను నా పికప్‌లో వెనకాలే వాసన చూసుకుంటూ పోవాలి. నలభై మూడు మైళ్ళ దగ్గర పచ్చ దీపం వెలిగింది. డెల్మర్ కిటికీలోంచి టోపీ ఊపాడు. నాకు మాత్రం ఏ వాసనా రాలేదు, ఏ ఆవిరీ కనబడలేదు. ఆరు మైళ్ళు పోయాక ఆగాం.

"ఎంత తగ్గిందో చూద్దాం" అంటూ డెల్మర్ మరుగుదొడ్డి మూత ఎత్తి, టార్చి పట్టుకుని వంగి, కింది రేకు తెరిచాడు.

పంపు ఉల్టా తిరిగింది. ట్యాంకులోది పైపుకు పంపాల్సింది పోయి, పైపులోని పొగను ట్యాంకులోకి నింపింది. ఆరు మైళ్ళ పొగ ఒక్కసారిగా పైకి వచ్చింది, నీళ్ళను వెంటబెట్టుకుని.

"ఏమైనా తగ్గిందా?" అని బయటి నుంచి అడిగాను.

"తగ్గింది" అన్నాడు డెల్మర్ లోపలినుంచి. "నా మీదికి వచ్చినంత."

పది రోజులు ఆ మనిషి నీలంగానే ఉన్నాడు. ఆదివారం గుడిలో ఫాదర్ ఆయన నాలుక మీద ప్రసాదంగా ఇచ్చే అప్పం పెట్టబోయి, ఆ నాలుక చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. మా కోడిపుంజు అయితే ఆయనను చూసి ఆకాశమనుకుని కూసింది. కావాలంటే ఆర్లోను అడగండి.

వైర్లు మార్చి బిగించాడు. ఈసారి అసలు సరుకుతోనే పరీక్ష చేయాలన్నాడు. దానికి ట్యాంకు నిండాలి కదా. పార్కులోని మగవాళ్ళందరం సహకరించాం. పొద్దున్నే కాఫీ తాగి వరసగా వచ్చేవాళ్ళం. ఆర్లో రోజుకు రెండుసార్లు వచ్చేవాడు.

మే ముప్ఫై, శనివారం. నలభై దాటింది, యాభై దాటింది, పచ్చ దీపం వెలగనే లేదు. ఇరవై మైళ్ళు పోయి, ఏమీ కాక తిరిగి వచ్చాం. డెల్మర్ ఏమీ తినకుండా మధ్యాహ్నం ఇంట్లో పడుకున్నాడు. లేచి వచ్చి టార్చి వేసి చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ఆంబ్రోస్, ఇందులోకి చూడు. నీకేం కనిపిస్తోంది?"

"ఏమీ లేదు."

"నాకూ అదే కనిపిస్తోంది. ఏమీ లేకపోవడమేంటి? వచ్చేటప్పుడు నిండుగా ఉంది."

ట్యాంకు ఎంత నిండిందో చెప్పే చిన్న దీపాలు గోడ మీద ఉన్నాయి. అవి "మూడు వంతులు" అంటున్నాయి. అవి అబద్ధాలాడతాయని బండి ఉన్న ప్రతివాడికీ తెలుసు కాబట్టి ఎవరమూ వాటి మొహం చూడలేదు. కిందికి దూరి చూశాం. నేల పొడిగా ఉంది.

"కారిపోయి ఉంటుంది" అన్నాడు ఆర్లో.

"కారితే తడి ఏది?"

"ఎండకు ఆరిపోయింది."

"నలభై గ్యాలన్లు గంటన్నరలో ఆరిపోయాయా? వాసన కూడా లేకుండా?"

ఆర్లో కాఫీ తాగాడు. "అయితే నిలబడ్డ బండిలోనే కాలిపోయింది."

డెల్మర్ బండి మెట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. నాకూ ఏమీ అర్థం కాలేదు.

జూన్ మూడో తేదీ మధ్యాహ్నం నాకు అర్థమైంది. ట్యాంకు మళ్ళీ నిండింది, డెల్మర్ మళ్ళీ నడిపి చూశాడు, దీపం మళ్ళీ వెలగలేదు, ఆయన మళ్ళీ పడుకున్నాడు. నేను చుట్ట వెలిగించుకుందామని బండి వెనక్కి పోయాను. అక్కడొక మనిషి. పసుపు రంగు వానకోటు, కళ్ళకు ఈత కళ్ళద్దాలు, చేతులకు ఈనే ఆవు కడుపులోంచి దూడల్ని లాగేటప్పుడు రైతులు భుజం దాకా తొడుక్కునే ప్లాస్టిక్ తొడుగులు. ఆర్లో షెడ్డులోని గొట్టం ఒక కొస బండికి, ఇంకో కొస నేలలోని కన్నంలోకి. వాల్వు లాగి, మొహం అటు తిప్పుకుని, పెదాలతో జపం చేసుకుంటోంది.

"ఆర్డిత్?"

"అరవకు, ముసలి గాడిదా!"

"నువ్వు ఈ గొట్టం..."

"చూశావుగా, ఇక నోరు మూసుకో." కళ్ళద్దాలు పైకి నెట్టింది. కళ్ళ చుట్టూ గుండ్రటి అచ్చులు పడ్డాయి. "ఇంకా అయిదు రోజులే ఉంది ఆంబ్రోస్. ఆయన ఇది పని చేసేదాకా కదలడు. నేను మా అక్క దగ్గరికి పోవాలి. పని చేసిందనుకుంటే కదులుతాడు కదా?"

"గొట్టం ఉన్నా ఫరవాలేదని చెప్పెయ్యచ్చుగా."

"పదకొండు బండ్లవాళ్ళ ముందు అన్న మాట అది. ఎనిమిదేళ్ళు నిలబెట్టుకున్నాను. ఇప్పుడు వెళ్ళి ఆయనతో ఏమనమంటావు? నీలం రంగు పూసుకుని పది రోజులు తిరిగాడు నా కోసం." తొడుగు చేత్తో వాల్వు మూసేసింది. "ఎవరికైనా చెప్పావంటే నీకు ఈ జన్మలో గసగసాల కొలాచీలు పెట్టను."

ఆర్డిత్ చేసే ఆ బన్నుల కోసం నేను ఇంతకన్నా పెద్ద రహస్యాలు దాచాను.

అయితే ఆమె లెక్క తప్పింది. ట్యాంకు రెండోసారి ఖాళీ కావడం చూసి డెల్మర్ సంతోషించలేదు, ఇంకా భయపడ్డాడు.

"పని చేయకపోతే బాగుచేయచ్చు" అన్నాడు. "కారణం లేకుండా పని చేసేదాన్ని ఏం చేయాలి? రేపు కొండ మీద కారణం లేకుండా ఇంకేదైనా చేస్తే? అందులో ఆర్డిత్ ఉంటుంది. కారణం దొరికేదాకా కదలను."

గురువారం, శుక్రవారం అలాగే గడిచాయి. ఆర్డిత్ పెట్టె సర్దుకుని గుమ్మం పక్కన పెట్టింది. అక్కకు కుట్టిన దుప్పటి దాని మీద మడిచి పెట్టింది. రోజెల్లా ఫోను చేస్తే "వస్తున్నాం" అని చెప్పి, పెట్టేశాక నా వైపు కోపంగా చూసింది, నేనేదో చేసినట్టు.

అందుకే చేశాను.

శనివారం సాయంత్రం డెల్మర్‌కు దీపం వైరులో తుప్పు దొరికింది. గీకాడు. ఆదివారం పొద్దున్నే నిండు ట్యాంకుతో పన్నెండు మైళ్ళు నడిపాడు, దీపం పచ్చగా వెలిగింది. తిరిగి వచ్చేసరికి పూజకు వేళైంది. "వచ్చి చూస్తాను" అని ఆర్డిత్‌ను తీసుకుని గుడికి పోయాడు. నేను ఆలోచించాను. దీపం వెలిగింది. ఇప్పుడు ట్యాంకు కూడా ఖాళీగా ఉంటే ఆయనకు కారణం దొరికినట్టే. రేపు బండి కదులుతుంది. మోకాలు నొప్పి అని పూజ ఎగ్గొట్టి, ఆర్లో షెడ్డులోంచి గొట్టం తెచ్చాను. డెబ్భై రెండేళ్ళ వయసులో సిస్టర్లకు దొరికిపోతానేమోనని వెనక్కి చూసుకుంటూ వాల్వు లాగాను.

వాళ్ళు వచ్చారు. డెల్మర్ టార్చి వేసి చూశాడు. అరవలేదు, గెంతలేదు. మెల్లగా మెట్టు దిగి వచ్చి, ఆదివారం చొక్కా జేబులోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. చిన్న గాజు ఫ్యూజు.

"ఇది పంపుది. నిన్న తీసి పొద్దున టేబులు మీద చూసి జేబులో వేసుకున్నాను. పెట్టడం మరిచిపోయాను. గుడిలో కానుక కోసం చెయ్యి పెడితే తగిలింది." "దీపానిది వేరే వైరు. పంపుకు కరెంటే లేదు. మరి ఎలా పోయింది?"

నేను నొప్పి లేని మోకాలు రుద్దుకున్నాను. నాకన్నా అన్యాయమైన మొహం ఆర్డిత్‌ది. గుడిలో ఆయన పక్కనే కూర్చుంది కదా, తను కాదని ఆమెకు తెలుసు. బండి వైపు చూసి మెల్లగా శిలువ గుర్తు వేసుకుంది.

ఆ మధ్యాహ్నం డెల్మర్ టార్పాలిన్ పరిచి యంత్రాన్ని మొత్తం విప్పేశాడు. పొద్దుపోయేసరికి అరవై మూడు ముక్కలున్నాయి. ఒకటి దేని ముక్కో ఎవరికీ తెలియలేదు. తర్వాత అది ఆర్లో కాఫీ మరచెంబు మూత అని తేలింది. నేను పక్కనే కూర్చుని చెప్పేద్దామనుకున్నాను. చెబితే, మరి మిగతా రెండుసార్లూ ఎవరని అడుగుతాడు. ఆర్డిత్‌కు మాటిచ్చాను. చెప్పకపోతే ఆర్డిత్ ప్రయాణం ఆగిపోతుంది. ఎటు తిరిగినా నా తలే గోడకు తగులుతోంది.

సోమవారం పొద్దున పార్కువాళ్ళందరం వీడ్కోలు చెప్పడానికి వచ్చి, టార్పాలిన్ చుట్టూ నిలబడ్డాం. డెల్మర్ ముక్కల మధ్య మోకాళ్ళ మీద ఉన్నాడు. "ఇంకో రెండు రోజులు ఆర్డిత్" అంటున్నాడు. "రెండే రోజులు."

ఆర్డిత్ ఇంట్లోకి పోయింది. వానకోటు, కళ్ళద్దాలు, భుజం దాకా తొడుగులు, మెడ చుట్టూ గొట్టం వేసుకుని బయటికి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. తిన్నగా బండి దగ్గరికి పోయి గొట్టం అరలో పెట్టి, ధడాలున తలుపు వేసింది.

"లే డెల్మర్. ఆ రెండుసార్లూ నేనే. నువ్వు పడుకున్నప్పుడు. ఈ చేతులతో."

డెల్మర్ ఆ తొడుగుల వైపు, ఆమె మొహం వైపు చూశాడు. "నువ్వా? గొట్టం పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను. దారి పొడుగునా కూడా పట్టుకుంటాను. మా అక్క ఉందా పోయిందా అని ఫోను చేసి కనుక్కునే బతుకు నాకొద్దు. ఎక్కు."

ఆయన లేచాడు. తొడుగుతో ఉన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన కనుబొమలు ముడిపడటం నేను చూశాను.

"రెండుసార్లన్నావు. మూడుసార్లు ఖాళీ అయింది."

"మూడోది నేను కాదు. అప్పుడు గుడిలో నీ పక్కన కూర్చుని పాట పాడుతున్నాను."

ఇద్దరూ టార్పాలిన్ మీది ముక్కల వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. చాలా బాగుంది ఆకాశం.

"అన్నీ పెట్టెలో వెయ్యి" అన్నది ఆర్డిత్ గొంతు తగ్గించి. "ఇక్కడ వదిలి రావద్దు."

ముక్కలన్నీ ఏరి ఆపిల్ పెట్టెలో సర్దాం. పైపుకున్న కన్నానికి డెల్మర్ రేకు బిగించాడు. పదకొండు గంటలకు బండి కదిలింది. పదమూడో తేదీ రాత్రి భోజనాల వేళకు ఆరెగాన్ చేరారు. మర్నాడు రోజెల్లా కేకు కోసింది.

అంతటితో అయిపోతే బాగుండేది. ఆ విందులో ఆర్డిత్ మూడోసారి సంగతి అక్కకు చెప్పింది. రోజెల్లా నలభై ఏళ్ళు గుడిలో పూలు సర్దిన మనిషి. ఫ్యూజు లేదు, పంపు తిరగలేదు, ఆదివారం, పూజ జరుగుతున్న వేళ! ఇది దేవుడి అద్భుతమేనని ఆమె వాళ్ళ ఫాదర్‌కు చెప్పింది. ఆయన నవ్వి ఊరుకోకుండా, ఆ సమయంలో బండి దగ్గర ఎవరున్నారని అడిగాడట.

నిన్న సాయంత్రం ఫోను మోగింది. డెల్మర్.

"ఆంబ్రోస్, నువ్వొక్కడివే ఉన్నావు కదా ఆ పూట అక్కడ. నేను నమ్మడం లేదు, నమ్మకపోవడానికి కారణమూ దొరకడం లేదు. రోజెల్లా నీతో మాట్లాడాలంటోంది. మంచం మీద లేచి కూర్చుంది, రెండు రోజులుగా బాగా తింటోంది కూడా. ఇస్తున్నాను, ఉండు."

ఫోను చేతులు మారిన చప్పుడు వినిపించింది.

"బాబూ ఆంబ్రోస్" అన్నది ఒక ముసలి గొంతు, చాలా ఉత్సాహంగా. "మొదటి నుంచీ చెప్పు. నువ్వు ఎక్కడ నిలబడి ఉన్నావు? ఏం చూశావు?"

నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. వాల్వు దగ్గర నిలబడ్డాను అనడానికి నోరు తెరిచాను.

"ముందు" అన్నాను, "పక్షులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయమ్మా."